కత్తెర తీసివేసిన లాక్

కత్తెర అన్న పేరు ఆమెకు మా బడిలో పుట్టింది. ఇంట్లో అన్న, వీధిలో ఇరుగుపొరుగు, ఆ తరువాత ఆఫీసులో పెద్దలు కూడా ఆమెను ఆ పేరుతోనే పిలిచారు. ఆమె ఏనాడూ కాదనలేదు. ఆ పేరు పుట్టిన రోజునే నేను ఆమెను మొదటిసారి చూశాను.

నేను ఆ బడికి బదిలీ అయి వచ్చిన కొత్త. చేతిపనుల గదిలోంచి కేక వినిపించి పరుగున వెళ్ళేసరికి, ఒక విద్యార్థి తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకొని బల్లల మధ్య గుండ్రంగా తిరుగుతున్నాడు. అరచేతిలో కత్తెర నిలువుగా దిగి ఉంది. బల్ల మీది రంగుకాగితాలు నెత్తుటిలో నాని ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. గది నడుమ పన్నెండేళ్ళ పిల్ల ఒకతె, ఒక జడ ఊడిపోయి, పిడికిళ్ళు బిగించి నిలబడి ఉంది.

"ఇదే టీచర్! ఇదే పొడిచింది!" అని తరగతి అంతా ఒక్క గొంతుతో అరుస్తోంది.

ప్రధానోపాధ్యాయులు అప్పటికే బెత్తంతో వచ్చేశారు. నేను ఆయనకు అడ్డంగా నిలబడి ఆ పిల్లను అడిగాను.

"మొదటి నుంచి చెప్పు. విశేషణాలు వద్దు. ఎవరు ఏం చేశారు, దాని తరువాత ఎవరు ఏం చేశారు. అంతే."

"వాడు మా అన్న వేళ్ళ మీద డెస్కు మూత వేసి, మూత మీద కూర్చున్నాడు."

"తరువాత?"

"అన్న అరవలేదు."

"జరగనిది చెప్పకు. జరిగింది చెప్పు."

"వాడు నవ్వాడు. నేను లెమ్మన్నాను. లేవలేదు. పొడిచాను."

"ఎన్నిసార్లు లెమ్మన్నావు?"

"ఒకసారి."

అన్న వెనుక బెంచీలో ఉన్నాడు. ఒక తరగతి తప్పి చెల్లెలి తరగతిలోకి వచ్చినవాడు. చేతిని చంకలో దాచుకొని కూర్చున్నాడు. బలవంతంగా లాగి చూస్తే గోళ్ళు నల్లబడి, ఒక గోరు అంచున నెత్తురు ఊరుతోంది.

"ఏం కాలేదు టీచర్," అన్నాడు. "నేనే చెయ్యి తీయలేదు."

మూత మీద కూర్చున్నవాడికీ, కత్తెర పట్టినదానికీ ఇద్దరికీ శిక్ష వేశాను. ఆ పిల్ల బెత్తానికి అరచేతులు చాపబోతూ ఆగి, "మూత మొదటిది కదా టీచర్?" అని అడిగింది.

"మొదటిదే."

"అయితే చాలు," అంది. దెబ్బలు తిన్నంతసేపూ కళ్ళు ఆర్పలేదు.

ఆ సాయంత్రం పిల్లలిద్దరినీ నేనే ఇంటికి తీసుకువెళ్ళాను. కార్ఖానా గోడను ఆనుకొని ఉన్న ఇళ్ళ వరుసలో వారిది చివరిది. గోడ అవతల రేకులు అణిచే ప్రెస్సులు దిగినప్పుడల్లా ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. గోడ సున్నం సన్నగా రాలేది. తండ్రి ఆ ప్రెస్సుల మీద పనివాడు. నేను జరిగినది వరుసగా చెప్పాను. ఆయన కూతురిని ఒక్క మాట కూడా అనలేదు. కొడుకు వైపు తిరిగాడు.

"మూత పడుతుంటే చెయ్యి తీయడం తెలీదురా నీకు?"

"ఆలస్యమైంది నాన్నా."

"రేపు ప్రెస్సు దగ్గర కూడా ఇదే చెప్తావా, ఆలస్యమైంది నాన్నా అని? రా. ఇటు రా."

కొడుకు చేతిని బల్ల మీద పరిచి, గూట్లోంచి కొయ్యసుత్తి తీశాడు. ప్రెస్సు పనివారు కొడుకులకు పని నేర్పే పద్ధతి అదట. సుత్తి దిగేలోగా చెయ్యి తీసుకోవాలి; తీసుకోలేకపోతే తగిలిన దెబ్బే పాఠం. మొదటిసారి తీశాడు. రెండోసారీ తీశాడు. మూడోది చెప్పకుండా పడింది. ఉదయం నలిగిన వేళ్ళ మీదే పడింది. పిల్లవాడి నోరు తెరుచుకుంది కానీ శబ్దం రాలేదు. నేను కుర్చీలోంచి లేచేలోపల ఆ పిల్ల, తండ్రి మణికట్టును పళ్ళతో పట్టుకుంది. ఆయన విదిలించాడు, వదలలేదు. గోడకేసి కొట్టాడు, అప్పటికీ వదలలేదు. ఆమె గడ్డం మీదుగా కారుతున్న నెత్తురు తండ్రిదో తనదో తెలియలేదు. నేను ఆ సుత్తిని లాక్కొని నాతో తీసుకుపోయాను. ఇప్పటికీ మా వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అదే అడ్డు పెడుతున్నాను.

నేను గుమ్మం దిగుతుంటే ఆయన చేతికి గుడ్డ చుట్టుకుంటూ, కోపం లేకుండా, నాకు నచ్చజెప్పుతున్నట్టు అన్నాడు: "మీకు తెలీదు టీచరమ్మా. యంత్రానికి జాలుండదు. యంత్రం తప్పూ చెయ్యదు. చెయ్యే ఆలస్యమవుతుంది."

తండ్రి పోయాక అన్న ఆ ప్రెస్సు దగ్గరికే పనికి వెళ్ళాడు. చెల్లెలిని చదివించాడు. ఆమె కంప్యూటరు చదువు చదివి, ప్రెస్సులను నడిపించే చిన్న కంప్యూటర్లు తయారుచేసే ఆఫీసులో చేరింది. తన అన్న నిలబడే ప్రెస్సుకు కూడా ఆ కంప్యూటరు అమర్చినది ఆ ఆఫీసే. నేను ఉద్యోగ విరమణ చేశాక ఆమె తరచు మా ఇంటికి వచ్చి, వంటింటి గడప మీద కూర్చొని కబుర్లు చెప్పేది.

"ఇంతకూ నువ్వు చేసే పనేమిటే?" అని ఒకసారి అడిగాను.

"ఆ కంప్యూటర్లో అన్నిటికంటే అడుగున ఉండే ప్రోగ్రాముని కెర్నెల్ అంటారు టీచరుగారూ. అందులో ప్రెస్సుతో మాట్లాడే ముక్కని డ్రైవర్ అంటారు. ఆ ముక్క నేను చూస్తాను."

"చూడటం పనా?"

"రాస్తాను. రాసేదానికన్నా కొట్టేసేది ఎక్కువ."

"ఏమిటి కొట్టేసేది?"

"తరగతిలో డస్టరు ఒక్కటే ఉందనుకోండి. బోర్డు ముట్టుకోవాలంటే డస్టరు చేతిలో ఉండాలని మీరు నియమం పెట్టారు. ఒకడు రాస్తుంటే ఇంకొకడు తుడిచెయ్యకుండా. దాన్నే మేం లాక్ అంటాం. అది పట్టుకున్నవాడు వదిలేదాకా మిగతావాళ్ళు ఆగాలి."

"మంచి నియమమే కదా."

"మంచిదే. కానీ బోర్డు వైపు చూడటానికి కూడా డస్టరు కావాలంటే? గది అంటుకుంది, పరిగెత్తండి అని అరవడానికి కూడా డస్టరు దొరికేదాకా ఆగాలంటే?"

"అలాంటి నియమం ఎవరు పెడతారే?"

"భయపడ్డవాళ్ళు," అంది. "ఒకసారి గట్టిగా భయపడ్డవాళ్ళు."

ఆ మాట చెప్పిన కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, ఆమె రెండు మోచేతుల దాకా ఎండిన నెత్తుటితో మా గుమ్మంలో నిలబడింది. నేను కుర్చీ చూపించి, ఎప్పుడూ అడిగేదే అడిగాను. మొదటి నుంచి చెప్పమన్నాను.

అన్న కాలి పెడలు తొక్కాడు. ప్రెస్సు పై దిమ్మె దిగడం మొదలుపెట్టింది. కింద రేకు వంకరగా ఉందని అప్పుడు చూశాడు. సర్దడానికి చెయ్యి పెట్టాడు. ప్రెస్సు ముందు కంటికి కనబడని కిరణాల తెర ఒకటి ఉంటుంది. చెయ్యి అడ్డం వస్తే తెర తెగి దిమ్మె అక్కడికక్కడ ఆగాలి. పనివాళ్ళందరూ ఆ తెరను నమ్ముకొనే చేతులు పెడతారు. ఆ రోజు తెర తెగింది. దిమ్మె ఆగలేదు. చివరిదాకా దిగి, అప్పుడు ఆగింది.

దిమ్మెను పైకి లేపడానికి మనుషులు రావలసి వచ్చింది. అంతసేపూ అతని కుడిచెయ్యి దాని కిందే ఉంది. లేపాక చెయ్యి వచ్చింది. మూడు వేళ్ళు రాలేదు. అవి రేకుతో పాటు డై ఆకారంలోకి, అంటే రేకుకు రూపమిచ్చే ఉక్కు అచ్చు ఆకారంలోకి, అణిగిపోయి ఉన్నాయి. మేస్త్రీ వాటిని గరిటెతో గీకి తీయించాడు.

"మేస్త్రీ ఏమన్నాడు?"

"చెయ్యి ఆలస్యమైందన్నాడు."

"మీ అన్న?"

ఆమె నోరు తుడుచుకుంది. అప్పుడు చూశాను, ఆమె కింది పెదవి చీలి ఉంది.

ఆస్పత్రి వార్డులో జరిగినది తరువాత చెప్పింది.

"అన్నా, తెర తెగింది. యంత్రం ఆగలేదు."

"నా చెయ్యే ఆలస్యమైంది."

"నాన్న పాట నా దగ్గర పాడకు."

"నాన్న పాట కాదే, నా చెయ్యి! నా చెయ్యి సంగతి నాకు తెలీదా? కట్టు విప్పగానే పనిలోకి వస్తానని మేస్త్రీకి చెప్పాను. నువ్వెళ్ళి యంత్రం మంచిది కాదని టముకు వేశావనుకో, ఆ ప్రెస్సు మూసేస్తారు. ఈ చేత్తో నాకింకెవడిస్తాడే పని?"

"అదే ప్రెస్సా?"

"అదే."

"మిగిలిన చెయ్యి కూడా దాని నోట్లోనే పెడతావా?"

ఎడమచేత్తో చెంప మీద కొట్టాడు. ఆమె అతని చొక్కా పట్టుకొని ఇనుప మంచం తలవైపు చువ్వలకేసి గుద్దింది. పక్క మంచాల వారు లేచి కూర్చున్నారు. నర్సు వచ్చి ఇద్దరినీ విడదీసి, ఇద్దరినీ తిట్టి, ఇద్దరికీ దూది ఇచ్చింది.

అందుచేత ఆమెకు ఉన్న గడువు ఒక్కటే. కట్టు విప్పేలోగా ఆ యంత్రం ఆగడం నేర్చుకోవాలి.

మరునాడు ఆఫీసులో ఆమె ప్రెస్సు లేకుండా దాని కంప్యూటరును మాత్రం బల్ల మీద పెట్టింది. దిమ్మెకు బదులు ఒక చిన్న దీపం తగిలించింది. దీపం వెలిగితే దిమ్మె దిగుతున్నట్టు, ఆరితే ఆగినట్టు. కిరణాలకు స్కేలు అడ్డం పెట్టింది. దీపం టక్కున ఆరింది. ఎన్నిసార్లు పెట్టినా ఆరింది. అప్పుడు ఆ కంప్యూటరు చేసే మరో పనిని పెంచి చూసింది. ప్రతి దెబ్బకూ ఎంత ఒత్తిడి పడిందో అది లోపల రాసి దాచుకుంటూ ఉంటుంది. ఆ రాత ముమ్మరంగా సాగుతుండగా స్కేలు అడ్డం పెట్టింది. దీపం వెంటనే ఆరలేదు. 'ఆగు' అని నోటితో అనేటంత సేపు వెలిగి, అప్పుడు ఆరింది.

ఆ కాస్త సేపు చాలు దిమ్మెకు.

ఒత్తిడి రాసుకునే పని లాక్ పట్టుకొని కూర్చుంటే, 'ఆపు' అనే ఆజ్ఞ ఆ లాక్ కోసం బయట నిలబడి ఉంది. నిజానికి ఆ ఆజ్ఞకు లాక్‌తో పనే లేదు. అది ఒకే గడిలో ఒకే అంకె వేసే పని. దాని మధ్యలో ఎవరూ దూరలేరు. మరే ఆజ్ఞ వెళ్ళినా, దిమ్మెను కదిలించే వాల్వు ముందుగా వినేది దాన్నే.

ఆ డ్రైవర్ రాసినాయనను ఆఫీసులో అందరూ పెద్దాయన అనేవారు. ఆయన సరేననకుండా అందులో అక్షరం మార్చకూడదన్నది అక్కడి పద్ధతి.

"సార్, ఆపే మాటకి లాక్ అక్కర్లేదు. బల్ల మీద చూపించాను కదా."

"బల్ల మీద ఎవడూ చావడమ్మా," అన్నాడాయన. "ఆ లాక్ ఎందుకొచ్చిందో తెలుసా నీకు? కొత్తలో రెండు పనులు ఒకదాన్నొకటి తొక్కుకుని, మెకానిక్కు తల దిమ్మె కింద ఉండగా అది దిగింది. నేను పక్కనే ఉన్నాను. నా కళ్ళద్దాల మీద చిందింది. ఆ రోజు ఎక్కడ పడితే అక్కడ లాక్ పెట్టాను. మళ్ళీ ఇన్నేళ్ళకీ అలాంటిది జరగలేదు."

"మా అన్న వేళ్ళు పోయాయి సార్."

"మీ అన్న చెయ్యి ఆలస్యమైందటగా."

బల్ల మీది కంప్యూటరు ఆయన తల మీదుగా వెళ్ళి అద్దాల గోడను బద్దలుకొట్టింది. పెద్దాయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. గాజుపెంకు ఒకటి నుదురు చీల్చింది. ముగ్గురు కలిసి ఆమెను గోడకు అదిమి పట్టుకోవలసి వచ్చింది. ఆమె వాళ్ళలో ఒకరి కాలు తొక్కి, మరొకరి డొక్కలో మోచేత్తో పొడిచింది. పెద్దాయన నేల మీదే కూర్చొని రుమాలు నుదుటికి అదుముకుంటూ గట్టిగా అన్నాడు:

"చేసుకో. నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. నేను ఒప్పుకున్నానని పెట్టుకో. మొదటి దెబ్బ మాత్రం నువ్వే కొట్టాలి. ఆ షెడ్డు కట్టుబాటు నీకు తెలుసుగా."

తెలుసు. ఆ కార్ఖానాలో ప్రెస్సును ఎవరు విప్పినా, బిగించినా, మార్చినా, తరువాతి మొదటి దెబ్బ వారే దాని ముందు నిలబడి కొట్టాలి. వేరొకరి చేతిని ముందు పెట్టడానికి వీల్లేదు. ఆమె తండ్రి కూడా అలాగే కొట్టేవాడు.

ఆయన చదవకుండానే ఒప్పుకున్నాడు. ఆమె చల్లారకుండానే కూర్చుంది. ఆపే మాట దగ్గర ఒక్కచోటనే తీయవలసిన లాక్‌ను ఆ డ్రైవర్‌లో అది ఉన్న ప్రతిచోటా కొట్టేసింది.

కార్ఖానాలో మొదట అంతా బాగానే జరిగింది. కర్ర చివర తొడుగు కట్టి కిరణాలకు అడ్డం పెడితే దిమ్మె గాలిలో బిగుసుకుపోయింది. పనివాళ్ళు ఈలలు వేశారు. తరువాత ఆమె రేకు పెట్టి పెడలు తొక్కింది. దిమ్మె దిగింది, సగం లేచింది, ఎవరూ తొక్కకుండానే మళ్ళీ దిగింది. అచ్చులో ఎగుడుదిగుడుగా లేచి ఉన్న రేకు మీద రెండో దెబ్బ పడింది. డై పగిలి, ఉక్కుముక్క ఒకటి వచ్చి ఆమె దవడకు తగిలింది. ఆమె పడలేదట. వంగి, రెండు పళ్ళు అరచేతిలోకి ఉమ్మి, వాటిని చూస్తూ నిలబడిందట. చొక్కా ముందుభాగమంతా తడిసిపోయింది. మేస్త్రీ పరిగెత్తి వైరు పీకేశాడు.

"చాలు తల్లీ," అన్నాడు. "మీ అన్న వేళ్ళు, నీ పళ్ళు. ఇంకేం మిగిలింది మీ ఇంట్లో ఈ ప్రెస్సుకి పెట్టడానికి?"

వెంటనే పాత ప్రోగ్రామునే తిరిగి ఎక్కించారు. కొత్త డై బిగించారు. అన్న కట్టు విప్పే రోజు దగ్గరికొచ్చింది.

ఆమె దవడకు గుడ్డ కట్టుకొని మా ఇంటికి వచ్చింది. మాట ముద్దగా వస్తోంది. సానుభూతి చూపితే లేచి వెళ్ళిపోయే మనిషి, కనుక చూపలేదు.

"మొదటి నుంచి చెప్పు," అన్నాను.

"పెడలు తొక్కాను. దాని లోపల స్ప్రింగు అదురుతుంది. ఒక్కసారి తొక్కినా లోపలికి రెండు పిలుపులు వెళ్తాయి."

"మొదటి పిలుపు ఏం చేస్తుంది?"

"దెబ్బ నడుస్తోందా అని చూస్తుంది. లేదు. నడుస్తోందని రాస్తుంది. కొడుతుంది."

"రెండో పిలుపు?"

"అదీ అంతే. చూస్తుంది. నడుస్తోందని ఉంటే వెనక్కి..." అని ఆగిపోయింది. గడప మీద వేలితో ఏదో గీసింది. "చూడటం ఒక పని. రాయడం ఇంకో పని. మొదటిది చూసి, ఇంకా రాయకముందే రెండోదీ చూసింది. దానికీ లేదనే కనబడింది. ఇద్దరూ కొట్టారు. ఒకరి తరువాత ఒకరు."

"మునుపు ఎందుకు కొట్టలేదు?"

"మునుపు లాక్ ఉండేది. చూసి రాసేదాకా రెండోవాణ్ణి రానిచ్చేది కాదు." ఆమె రెండు చేతుల్లో తల పట్టుకుంది. "ఇక్కడ కావాలి టీచరుగారూ. ఇక్కడొక్కచోటే కావాలి. పెద్దాయన కళ్ళద్దాల మీద చిందింది ఇక్కడే."

"ఆపే మాట దగ్గర?"

"అక్కడ రెండు పనుల్లేవు. ఒక్కటే. అక్కడ వద్దు."

"అయితే నాకు చెప్పి ఏం లాభం? చెప్పవలసిన మనిషికి చెప్పు."

ఆ సాయంత్రమే వెళ్ళింది. నుదుటికి కట్టు కట్టుకున్న ఆయనా, దవడకు కట్టు కట్టుకున్న ఈమే ఎదురెదురుగా కూర్చున్నారట. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు. ఆయన ఒక్కొక్క చోటునూ వేలితో చూపిస్తూ, "ఇక్కడ ఎవడు దూరతాడు? చెప్పు," అనడం, ఈమె చెప్పగలిగినచోట లాక్ ఉంచడం, ఎవరూ దూరలేరని ఇద్దరికీ తేలినచోట తీసివేయడం, ఇలా సాగిందట. చివరికి ఒత్తిడి రాసుకునే చోటికి వచ్చారు. "ఇది ఒత్తిడి చూసి రాసుకుంటుందంతే కదా, దిమ్మెను కదపదు," అని ఆయనే గొణిగి, తన చేత్తోనే కొట్టేశాడు. ఆ తరువాత చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడట.

అన్నకు కట్టు విప్పిన ఉదయం ఆమె నన్ను కార్ఖానాకు రమ్మంది. మేము వెళ్ళేసరికి అతను పని బట్టలతో ప్రెస్సు ముందు నిలబడి ఉన్నాడు. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే ఉన్నాయి. మధ్యన కొత్త చర్మం ఎర్రగా మెరుస్తోంది.

"జరుగన్నా. మొదటి దెబ్బ నాది."

"నా ప్రెస్సు దగ్గర నీ పెత్తనమేంటే?"

"కట్టుబాటు. ముట్టుకున్నది నేను."

భుజంతో ఒక్క తోపు తోశాడు. ఆమె వెళ్ళి రేకుల దొంతర మీద పడి, లేచి, అదే భుజంతో తిరిగి తోసింది.

"ఏయ్!" అని మేస్త్రీ గదిమాడు. "అన్నాచెల్లెళ్ళు కొట్టుకోడానికి ఇల్లుంది. ముందు ప్రెస్సు సంగతి చూడండి."

ఆమె మొదట కొత్త ప్రోగ్రాము ఎక్కించలేదు. "ముందు జరిగింది ముందు చూపించాలి," అని, పాతదానితోనే నడిపింది. ఒత్తిడి రాసుకునే పనిని ముమ్మరం చేసింది. బంకమట్టి కూరిన తోలు తొడుగును కర్రకు కట్టి, పెడలు తొక్కి, దిమ్మె కిందికి తోసింది. దిమ్మె ఆగలేదు. తొడుగు పిగిలి, మట్టి నాలుగు వైపులా చిమ్మి, నా కళ్ళముందే అది పలచని తోలుముక్క అయిపోయింది.

"ఆలస్యంగా పెట్టావు," అన్నాడు అన్న.

ఇంకొక తొడుగు పెట్టింది. అదీ పిగిలింది.

"నీకు చేతకాదు. ఇలా తే!" అని కర్ర లాక్కొని, ఎడమచేత్తో తానే పెట్టాడు. తీయడంలో అతని చెయ్యి ఎంత చురుకైనదో ఆ రోజు నేను చూశాను. కర్ర కదలడం కంటికి ఆనలేదు. అయినా తొడుగు నలిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ నలిగింది. మట్టి అతని మొహం మీద పడింది, తుడుచుకోలేదు.

ఆ తరువాత ఆమె కొత్తది ఎక్కించి, రేకు తరువాత రేకు పెట్టి, పెడలు మళ్ళీ మళ్ళీ తొక్కింది. తొక్కిన ప్రతిసారీ ఒక్కటే దెబ్బ. రాతపని ముమ్మరం చేసి తొడుగు పెట్టింది. దిమ్మె తొడుగుకు జానెడు ఎత్తున నిలిచిపోయింది. అన్న కర్ర తీసుకొని తానే పెట్టాడు. నిలిచింది. నెమ్మదిగా, కావాలని ఆలస్యం చేస్తూ పెట్టాడు. నిలిచింది.

"ఇదే ఉంచండి," అన్నాడు మేస్త్రీ, ఎవరి వైపూ చూడకుండా.

అన్న కర్ర కింద పడేశాడు. గోడ పక్కన ఉన్న ఇనుపసుత్తిని ఎడమచేత్తో ఎత్తి, కుడిచేతికి మిగిలిన రెండు వేళ్ళనూ పిడికి చుట్టి, ప్రెస్సు పక్క తలుపు మీద కొట్టాడు. రేకు చొట్టబడింది. మళ్ళీ కొట్టాడు. తలుపు ఊడి పడింది. సుత్తి పైకి లేచినప్పుడు ఊపిరి, దిగినప్పుడు మోత. పెడలు విరిగింది. నూనె గొట్టం పగిలి అతని కాళ్ళ మీద నూనె కారింది. కొత్త చర్మం చిట్లి పిడి వెంబడి నెత్తురు దిగింది. మేస్త్రీ వెనుకనుంచి నడుము పట్టుకుంటే, అతణ్ణి కూడా లాక్కుంటూనే రెండు దెబ్బలు కొట్టాడు. మరి ఇద్దరు వచ్చి పడితే గానీ ఆగలేదు. వాళ్ళు వదిలాక ప్రెస్సుకు వీపు ఆనించి నూనెలో కూలబడి, ఆ చేతిని చంకలో దాచుకున్నాడు. బడిలో వెనుక బెంచీలో కూర్చున్నట్టే కూర్చున్నాడు.

షెడ్డులో అన్ని ప్రెస్సులూ ఆగిపోయాయి. ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. ఆమె రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి నా దగ్గరికి వచ్చింది. దవడ కట్టు జారి మెడలో పడి ఉంది.

"టీచరుగారూ, మీరొక్క పని చెయ్యాలి. ఇదొక్కటే. ఇక జన్మలో మిమ్మల్ని ఇంకేమీ అడగను."

ఆ మాట ఆమె నిలబెట్టుకుంది. ఆ తరువాత ఇంతవరకూ నన్ను ఏదీ అడగలేదు.

"ఏమిటో చెప్పు."

"అన్నని అడగండి. నేనడిగితే కొడతాడు. నాన్న అడగలేదు, మేస్త్రీ అడగలేదు, ఆస్పత్రిలో అడగలేదు. ఆలస్యమైందా అన్నారే గానీ, ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. వెళ్ళి పక్కన కూర్చొని అడగండి టీచరుగారూ. మొదటి నుంచి. చెప్పేదాకా ఉండండి."